నా భార్య బరువు తగ్గాలి, నొప్పించకుండా ఎలా చెప్పాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ: పెళ్లయి ఐదేళ్లు, హైదరాబాద్‌లో ఉంటారు, బాబుకి రెండేళ్లు. పెళ్లప్పుడు 58 కిలోలున్న మీ ఆవిడ ఇప్పుడు 76. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, కాన్పు తర్వాత పోయిందన్నారు. మొన్న చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 6.1 వచ్చింది. రాత్రి భోజనంలో తను మారు అన్నం పెట్టుకుంటుంటే మీరు "కొంచెం తగ్గించొచ్చు కదా" అన్నారు. నాలుగు రోజులు మాటల్లేవు. అప్పటినుంచి మీతో కలిసి కూర్చుని తినడమే మానేసింది. మీ అమ్మగారు కూడా అప్పుడప్పుడు ఏదో ఒకటి అంటుంటారు. నొప్పించకుండా ఎలా చెప్పాలి అని మీ ప్రశ్న.

నేను విజయవాడలో డైటీషియన్‌గా 19 ఏళ్లుగా పని చేస్తున్నాను. సూటిగా చెప్తాను. బరువు తగ్గమని మీరు చెప్పకండి. ముందు ఆ రోజు మాటకి క్షమాపణ అడగండి. తర్వాత ఒకే ఒక్కసారి, తిండి దగ్గర కాకుండా, "మాట్లాడుకుందామా" అని అడిగి ఆ షుగర్ రిపోర్ట్ గురించి మాట్లాడండి. ఆపైన ఇంట్లో మీ చేతిలో ఉన్నవి మీరు మార్చండి. కష్టమైనది ఆ మూడోదే. చాలామంది భర్తలు మొదటి రెండూ చేసి అక్కడ ఆగిపోతారు.

చెప్పొద్దని ఎందుకంటున్నానంటే, ఆ సంగతి తనకి మీకన్నా ముందే తెలుసు. నా గదిలో బరువు చూసే మిషన్ ఉంటుంది. ఎక్కమ్మా అనగానే ఆడవాళ్లు చెప్పులు విప్పుతారు, తర్వాత వాచీ తీస్తారు, తర్వాత ఒక్కొక్కటిగా గాజులు. ఒకావిడ జడకున్న క్లిప్పు కూడా తీసి నా టేబుల్ మీద పెట్టింది. వాటివల్ల అంకె మారదని వాళ్లకీ తెలుసు. ఎక్కాక కిందికి చూడరు, నా మొహంలోకి చూస్తారు. పక్కన భర్త ఉంటే అతను ముందుకు వంగి ఆ అంకెని పైకి చదువుతాడు. చదవగానే ఆవిడ చెయ్యి కొంగు లాక్కుని పొట్ట మీదకి కప్పుకుంటుంది. ఇది కొన్ని వందలసార్లు చూశాను. అందుకే పదేళ్ల కిందటే ఆ మిషన్‌ని తెర వెనక్కి జరిపించాను. ఇప్పుడు అంకె ఆవిడకీ నాకూ తప్ప ఎవరికీ కనపడదు.

బిగుతైపోయిన జాకెట్లు, పెట్టెలో ఉండిపోయిన పెళ్లినాటి చీరలు, ఫొటో తీసేటప్పుడు వెనక వరసలో నిలబడటం, ఫంక్షన్‌లో ఎదురుపడగానే "బాగా ఒళ్లు చేశావే" అనే పిన్నులు, అత్తలు. వీటన్నిటివల్ల తనకి ఆ సంగతి రోజూ గుర్తొస్తూనే ఉంటుంది. మీరు అన్నమాటలో తనకి కొత్తగా తెలిసింది ఒక్కటే, ఇంట్లో మనిషి కూడా నన్ను అలాగే చూస్తున్నాడని.

పైగా మీరు అన్నది కంచం ముందు. మన ఇళ్లల్లో అన్నం దగ్గర కూర్చున్న మనిషిని ఏమీ అనకూడదని పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు. ముద్ద నోటి దగ్గర ఉన్నప్పుడు విన్న మాట ఆ ముద్దతోపాటే లోపలికి పోతుంది. అలా అనిపించుకున్నవాళ్లు తినడం తగ్గించరు, ఎదురుగా తినడం తగ్గిస్తారు. మీ ఆవిడ ఇప్పుడు చేస్తున్నది అదే.

ఈ తప్పు నేనూ చేశాను. మా నాన్నగారికి షుగర్. పదకొండేళ్ల కిందట మా బంధువుల పెళ్లిలో పంక్తిలో కూర్చున్నారు. విస్తట్లో బొబ్బట్టు పడగానే నేను వెనకనుంచి వచ్చి దాన్ని తీసేసి "మీకెందుకు నాన్నా ఇది" అన్నాను. అటూ ఇటూ ఆయన బావమరుదులు, వియ్యంకులు. ఆయన ఏమీ అనలేదు. పెరుగన్నం దాకా ఉండకుండా లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆ తర్వాత మూడు నెలలు మా ఇంట్లో భోజనం చేయలేదు, ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేవారు. ఒకరోజు అమ్మ ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో నూనె మరకల కాగితం, అందులో సగం కాజా. అప్పటికి ఈ వృత్తిలో నాకు ఎనిమిదేళ్ల అనుభవం. వెళ్లి క్షమించమని అడిగాను. "నీ భయం నాకు తెలుసమ్మా. కానీ నా విస్తట్లో చెయ్యి పెట్టావు" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

కాబట్టి మీరు మొదట చేయాల్సింది క్షమాపణ. పొడుగ్గా వద్దు. "ఆ రోజు అన్నం దగ్గర అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే." అక్కడ ఆపేయండి. "నీ మంచికోసమే అన్నాను కానీ" అని తోక తగిలిస్తే అది క్షమాపణ అవదు, అదే మాట రెండోసారి అన్నట్టవుతుంది. తను వెంటనే కరిగిపోవాలనీ ఎదురు చూడకండి.

కొన్ని రోజులు గడిచాక అసలు మాట. బాబు పడుకున్నాక గానీ, ఇద్దరూ ఎక్కడికైనా నడిచి వెళ్తున్నప్పుడు గానీ అడగండి. ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది, పక్కపక్కన ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. నేను చాలామందితో ఇలా అనిపించాను: "నీ షుగర్ రిపోర్ట్ చూసినప్పటినుంచి నాకు టెన్షన్‌గా ఉంది. దాని గురించి ఇప్పుడు మాట్లాడుకుందామా, ఇంకో రోజా?" ఇందులో బరువు అన్న మాట లేదు చూడండి. తను "ఇప్పుడొద్దు" అంటే "సరే" అనాలి, మొహం మాడ్చకుండా. వద్దనే హక్కు లేకపోతే అడగడానికి అర్థం లేదు. కెనడాలో స్థూలకాయం చూసే డాక్టర్లకు నేర్పే ఐదు మెట్ల పద్ధతిలో మొదటి మెట్టే ఇది, బరువు గురించి మాట్లాడొచ్చా అని పేషెంట్‌ని అడగడం. చదువుకున్న డాక్టరే అడిగి మాట్లాడాలన్నప్పుడు మనం ఎంత.

సరే అంటే, అప్పుడు కూడా సలహాలు చెప్పకండి. "నీకు ఏది కష్టంగా ఉంది?" అని అడిగి ఊరుకోండి. విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ తాగుడు మానాలనుకునేవాళ్లతో పని చేస్తూ 1983లో ఒక పద్ధతి రాశారు, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని పెంచారు. అందులోని కీలకం నా గదిలో రోజూ కనపడుతుంది. మనం "చెయ్యాలి" అని ఎంత గట్టిగా అంటే ఎదుటి మనిషి నోటినుంచి "ఎలా కుదురుతుంది" అన్నదే అంత గట్టిగా వస్తుంది. అడిగి ఆగితే, ఎందుకు చెయ్యాలో తన నోటితోనే తనే చెప్తుంది. ఆ మౌనం భరించడం మగవాళ్లకి కష్టం. అరనిమిషం ఆగండి, చాలు.

తను ఏం చెప్తుందో నేను చెప్పలేను గానీ, చిన్న పిల్లలున్న తల్లులు నా దగ్గర చెప్పేవి దాదాపు ఒకేలా ఉంటాయి. నిద్ర లేదు. నాకంటూ పది నిమిషాలు లేవు. అందరూ తిన్నాక తింటాను.

ఈ చివరిది చిన్న మాటలా కనిపిస్తుంది. తెనాలి వైపు నుంచి ఒక జంట వచ్చారు, ఆ అమ్మాయికి 33 ఏళ్లు, పాపకి మూడేళ్లు. "అసలేమీ తినదండీ, అయినా లావవుతోంది" అన్నాడు భర్త. వారం రోజులు ఏం తిన్నా రాయమ్మా, పాప కంచంలోది కూడా రాయమ్మా అన్నాను. రాసుకొచ్చింది. పొద్దున తన రెండు ఇడ్లీలు కాకుండా పాప వదిలేసిన దోశ ముక్క, సగం గ్లాసు పాలు. మధ్యాహ్నం పాప తిననని పారిపోతే చేతిలో ఉండిపోయిన పప్పన్నం ముద్దలు మూడో నాలుగో, నెయ్యి వేసినవి. రాత్రి పదిన్నరకి, అందరివీ అయ్యాక, గిన్నె అడుగున ఉన్న అన్నం మొత్తం. "పారేయడం ఎందుకని" అని పక్కనే రాసింది. ఆ మాట ఏడు రోజుల్లో ఐదు రోజులు ఉంది.

ఆ అమ్మాయికి నేను డైట్ చార్ట్ ఇవ్వలేదు. భర్తతో మాట్లాడాను. రాత్రి పాపకి అన్నం తినిపించడం అతను తీసుకున్నాడు. ఎనిమిదింటికల్లా ముగ్గురూ కలిసి కూర్చోవడం మొదలుపెట్టారు. బియ్యం గ్లాసుతో కొలిచి పోయడం, మిగిలింది ఎవరి కడుపులోకీ కాకుండా ఫ్రిజ్‌లోకి వెళ్లడం. ఆరు నెలల్లో ఐదు కిలోలు తగ్గింది. ఆ ఆరు నెలలూ ఇంట్లో బరువు మాట ఎత్తొద్దని అతని దగ్గర మాట తీసుకున్నాను, నిలబెట్టుకున్నాడు.

ఇక మీ చేతిలో ఉన్నవి. నెల సరుకులు మీరు తెస్తున్నట్టయితే మొదట నూనె లెక్క చూడండి. మీ అమ్మగారితో కలిపి మీ ఇంట్లో పెద్దవాళ్లు ముగ్గురు. నెలకి ఐదు లీటర్ల క్యాన్ అయిపోతుంటే మనిషికి రోజుకి 50 గ్రాములు పడుతున్నట్టు. మీ ఊళ్లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజు మొత్తానికి 2000 కేలరీల కంచానికి నూనె నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములే. అదే కంచంలో బియ్యం, గోధుమ, జొన్న లాంటివన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400. మన ఇళ్లల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. అన్నం కొండంత, కూర నంజుకున్నంత. కూరలు రెట్టింపు తెచ్చి, సాయంత్రం టీవీ ముందు మీరు కూర్చుని వాటిని తరిగి పెట్టండి. "తగ్గించు" అనడం కన్నా అది ఎన్నో రెట్లు మేలు.

మీకు బిర్యానీ, తనకి రెండు పుల్కాలు అన్న పద్ధతి మాత్రం పెట్టకండి. అది పథ్యం కాదు, శిక్ష. అందరికీ ఒకటే వంట, ఒకటే కంచం. మీ నడుము ఎప్పుడైనా కొలుచుకున్నారా? మనవాళ్లలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 30 శాతం అధిక బరువున్నారు, మగవాళ్లలో 32 శాతం. అయినా మా దగ్గరికి భార్యని తీసుకొచ్చే భర్తలే ఎక్కువ. టేపు తెచ్చి ముందు మీరు కొలుచుకోండి, తనని కొలవకండి.

నడక కూడా అంతే. "రోజూ వాకింగ్‌కి వెళ్లు" అంటే ఆ అరగంట ఎక్కడినుంచి వస్తుంది? పొద్దున ఆరింటినుంచి ఆరున్నర దాకా బాబు బాధ్యత మీది అంటే వస్తుంది. ఆ అరగంట తను నడుస్తుందా, పడుకుంటుందా, ఊరికే కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగుతుందా అన్నది తన ఇష్టం. లెక్క అడగకండి.

ఎంత తగ్గాలన్నది మీరు పెట్టుకునే లక్ష్యం కాకూడదు గానీ, మీ మనసు కుదుటపడటానికి చెప్తున్నాను. 58కి తిరిగి రావాల్సిన పని లేదు. 76లో ఐదు శాతం అంటే నాలుగు కిలోల లోపే, అంత తగ్గినా షుగర్ మీద ప్రభావం ఉంటుంది. 2002లో వచ్చిన అమెరికా అధ్యయనంలో ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. నాకు ఇంకా ఇష్టమైనది మనవాళ్ల మీద చేసింది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించారు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది, అదీ బరువులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేకుండానే. అందుకే మిషన్ మీద అంకె కదలని నెలల్లో కూడా లోపల మేలు జరుగుతూ ఉంటుందని మీకు గుర్తుండాలి. ఆ నెలల్లోనే ఇంట్లోవాళ్లు "ఏం లాభం లేదు" అని నోరు జారుతారు.

మీ అమ్మగారి సంగతి. ఆవిడతో మాట్లాడాల్సింది మీరే, అదీ మీ ఆవిడ ఎదుట కాదు. "అమ్మా, తన ఒళ్లు గురించి ఇంట్లో ఎవరం మాట్లాడొద్దు. నీకేమైనా అనిపిస్తే నాతో అను." కోపంగా కాదు, పక్కన కూర్చుని. ఆ తరం వాళ్లు బాలింతకి నెయ్యి, సున్నుండలు దగ్గరుండి తినిపించినవాళ్లు. నిన్నటిదాకా "తిను, పాలు పడాలి" అని, ఇవాళ "ఎంత లావయ్యావో" అంటే ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది? ఇది ఆవిడకి నెమ్మదిగా చెప్తే అర్థం చేసుకుంటారు, నేను చూసిన అత్తగార్లలో చాలామంది చేసుకున్నారు. ఇక అమెరికానుంచో దుబాయ్‌నుంచో వీడియో కాల్ చేసి మొదటి మాటే "లావయ్యావేంటి" అనే బంధువులుంటారు. ఆ కాల్‌లో మీరు పక్కనుంటే, బాబుని ఫోన్ ముందు కూర్చోబెట్టి మాట మళ్లించండి.

పొగడ్తతో కూడా జాగ్రత్త. ఒకతను భార్య ఎనిమిది కిలోలు తగ్గితే అందరి దగ్గరా "ఇప్పుడు హీరోయిన్‌లా ఉంది" అని చెప్పుకున్నాడు, ప్రేమతోనే. ఏడాదికి నాలుగు కిలోలు తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి నా దగ్గరికి రావడం మానేసింది. ఫోన్ చేస్తే "ఆయనకి మొహం చూపించలేకపోతున్నాను మేడం" అంది. అందుకే కిలోలను మెచ్చుకోకండి. "నువ్వు చేసిన జొన్న రొట్టె బాగుంది", "ఈమధ్య హుషారుగా ఉన్నావు" లాంటివి చాలు.

చెప్పకుండా మార్చడం కూడా వద్దు. ఒక బ్యాంకు ఉద్యోగి భార్య అతనికి తెలియకుండా కూరల్లో నూనె సగం చేసేసింది. ఇంట్లో రుచి లేదని అతను రోజూ సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిని వచ్చేవాడు. ఇద్దరూ మూడు నెలలు ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారు.

ఇంట్లో ఎదిగే పిల్లలుంటే ఇంకో మాట. 15 ఏళ్ల అమ్మాయిని తీసుకొచ్చిన తల్లి నా ఎదురుగానే "ఇలా ఉంటే రేపు పెళ్లెలా అవుతుంది" అంది. ఆ పిల్ల అప్పటికే స్కూల్లో లంచ్ బాక్స్ పారేస్తోంది, అర్ధరాత్రి బిస్కెట్లు తింటోంది, మూడు నెలలుగా నెలసరి లేదు. ముందు చికిత్స కావాల్సింది ఆ మాటల గాయానికి, సైకాలజిస్ట్ దగ్గరికి పంపాను. పిల్లలతో బరువు మాటే ఎత్తొద్దనీ, కలిసి కూర్చుని తినడమే మేలనీ అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లోనే చెప్పింది. మీ బాబుకి రెండేళ్లే, కానీ అమ్మ గురించి నాన్న అనే మాటలు వింటూనే పెరుగుతాడు.

మెత్తగా ఆగకుండా గట్టిగా చెప్పాల్సిన సందర్భాలూ ఉన్నాయి. నిద్రలో గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు ఉంటే, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, నెలసరి తప్పుతుంటే, తరచూ ఏడుస్తూ దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే "డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేను వస్తాను" అని చెప్పండి. అప్పుడు కూడా చెప్పేది ఆ లక్షణం గురించి. కాన్పు తర్వాత డిప్రెషన్, థైరాయిడ్, కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. ఇవి ఉండగా తిండి మీద నింద వేయడం అన్యాయం. 2025లో మన దేశంలోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఎవరో ఒకరు మీకు చెప్తారు. డాక్టర్ రాయకుండా వాటి జోలికి పోకండి, ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే అది డాక్టర్‌కి ముందే చెప్పాలి.

చివరగా ఆ 6.1 సంగతి. 5.7 నుంచి 6.4 మధ్య అంటే మధుమేహానికి ముందు దశ. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకి తర్వాత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఏడాదికోసారైనా పరీక్ష చేయించుకోవడం మంచిది. ఐరన్ లోపంతో రక్తం తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు, పిల్లల తల్లుల్లో ఇది మామూలే. అందుకని హిమోగ్లోబిన్, థైరాయిడ్‌తోపాటు పరగడుపున వెళ్లి 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. తను ఒప్పుకున్న రోజున వెళ్లండి. మొదటిసారి రక్తం తీసి, గ్లూకోజ్ తాగాక రెండు గంటలు ల్యాబ్‌లోనే కూర్చోవాలి, ఆ పూట మీరు సెలవు పెట్టి బాబుని చూసుకోండి.